వెనక వరస సీసా

మూడేళ్ల తర్వాత మా వదిన నాకు ఫోన్ చేసి అన్న మొదటి మాట ఇది:

"కొట్టుకి పోలీసులొచ్చారు. నువ్వు రానక్కర్లేదు. తెలియాలి కదా అని చెబుతున్నా, అంతే."

ఠక్కున పెట్టేసింది. రానక్కర్లేదంటే రమ్మనే. మా వదిన ఏ మాటకి ఏ అర్థమో పాతికేళ్లుగా చూస్తున్నదాన్ని, నాకొకరు చెప్పక్కర్లేదు. ఆఫీసుకి తాళం వేసి బండి తీసేసరికి పదీ అయిదు. కొట్టు ముందు దిగేసరికి పదీ ఇరవై.

ఆ కొట్లో నీళ్లు తప్ప ఇంకేమీ అమ్మరు. మా అన్నయ్య పెట్టాడు, వదిన నిలబెట్టింది. అన్నయ్య పోయిన నెలకే నేను నోరు పారేసుకున్నాను, "నీళ్లమ్ముకుని ఎన్నాళ్లు బతుకుతావు వదినా, అమ్మేసి నా దగ్గరికొచ్చెయ్" అని. అదుగో, ఆ మాటకి మూడేళ్లు నా మొహం చూడలేదు. తప్పు నాదే, ఒప్పుకుంటాను. అలాగని ఆవిడది మొండితనం కాకుండా పోదు.

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ ఎదురొచ్చాడు. నేను డిపార్ట్‌మెంటులో ఉన్న రోజుల్లో నా కిందే పని నేర్చుకున్నాడు. మంచివాడే, కానీ పైనుంచి ఫోనొస్తే వెన్నెముక బీరువాలో పెట్టి బయల్దేరతాడు.

"మేడమ్, ఇది మీ ఇంటి విషయం కాబట్టి మీరు కాస్త దూరంగా..."

"నిమిషాలతో సహా చెప్పు. దూరం సంగతి తర్వాత చూద్దాం."

చెప్పాడు. వదిన కొట్టు తెరిచింది ఆరున్నరకి. ఆరూ నలభైకి కొండచుక్క కంపెనీ వ్యాను వచ్చి, పది నిమిషాల్లో సరుకు సర్ది వెళ్లింది. ఏడూ అయిదుకి ఒక రిటైరైన సైన్సు మాస్టారు వచ్చి, రోజూలాగే అరలీటరు కొండచుక్క కొనుక్కుని, బయట బెంచీ మీద కూర్చుని తాగారు. ఏడూ ఇరవైకి పక్కకి ఒరిగిపోయారు. ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నారు, ఒంటిమీద స్పృహ లేదు. సీసాలో మిగిలిన నీళ్లలో పురుగుమందు ఉందని డాక్టర్లు గంటలో తేల్చేశారు.

"పన్నెండింటికి మీ వదినగారిని స్టేషన్‌కి తీసుకెళ్లాలి మేడమ్. అరెస్టు కాగితాలు రెడీ."

"ఇంత తొందరగా కేసు ఎవరు తేల్చారు?"

"నేనే," అంది లోపల్నుంచి ఒక గొంతు.

ఆ గొంతు వినగానే నా ఒళ్లు మండింది. పౌడర్ బాబు! అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. మొహానికి అంత పౌడరు కొట్టుకుని, చేతికి మట్టి అంటకుండా కేసులు తేల్చే ప్రైవేటు డిటెక్టివ్. పెద్ద కంపెనీలకే పనిచేస్తాడు. కంపెనీ తప్పు లేదని తేలడమే ఆయన పరిశోధన. ఈసారి కొండచుక్క కంపెనీ పిలిచింది కాబోలు.

లోపల వదిన స్టూలు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి, "రానక్కర్లేదన్నానుగా," అంది.

"అందుకే వచ్చా," అన్నాను.

"జుట్టు నెరిసిందే నీకు," అంది. మూడేళ్ల అలక అంతటితో సరి.

పౌడర్ బాబు గొంతు సవరించుకున్నాడు. "కథ చాలా సింపుల్. ఊటనీళ్లు ఖరీదు, క్యాన్ నీళ్లు చవక. ఈవిడ జనం పారేసిన కొండచుక్క సీసాలు ఏరుకొచ్చి, క్యాన్ నీళ్లు పోసి, మూత బిగించి కొత్తవాటి రేటుకి అమ్ముతోంది. ఇదిగో వెనకగదిలో గోనెసంచి నిండా ఖాళీ సీసాలు. ఈసారి ఖర్మకాలి పురుగుమందు అంటిన డబ్బాలోంచి పోసింది. ఇదిగో డబ్బా."

బల్లమీద ఒక నీలం డబ్బా పెట్టాడు. వదిన దాన్ని చూసి, వాడి మొహం చూసి, నావైపు తిరిగింది.

"వీడికి చదువు రాదుటే?"

"వచ్చనే అనుకుంటున్నాడు."

"ఒరే అబ్బాయ్, అవి బ్యాటరీ నీళ్లు. ఇస్త్రీపెట్టెల్లో పోసుకోవడానికీ, బండి బ్యాటరీల్లో పోసుకోవడానికీ. తాగేవి కావు కాబట్టే కింద అరలో విడిగా పెట్టి ఎర్ర కాగితం అంటించా. ఆ గోనెసంచిలో ఖాళీలు జనం బెంచీ దగ్గర వదిలేసినవి, పాతసామాన్లవాడికి వేస్తా. నా కొట్లో ఆరు రకాల నీళ్లున్నాయి, విను. పెద్ద క్యాన్లు ఇళ్లకీ ఆఫీసులకీ. ఆ పక్కన లీటరు, అరలీటరు మామూలు సీసాలు, అవీ మిషన్లో వడగట్టినవే, రుచి కోసం కాసిని ఉప్పులు కలుపుతారు. గాజుసీసాల్లో బుడగల నీళ్లు హోటళ్లవాళ్లకి. ఆ నల్ల సీసాలు క్షారం నీళ్లట, కండలు పెంచేవాళ్లు కొంటారు. అందులో ఏముందో వాళ్లకీ తెలీదు, నాకూ తెలీదు. కొండచుక్క ఊట దగ్గర పట్టి, ఉన్నదున్నట్టు సీసాకెత్తినవి. ఆ మాస్టారు సైన్సు చెప్పినాయన! ఊటనీళ్ల బదులు క్యాన్ నీళ్లు పోసిస్తే మొదటి గుక్కకే నా మొహాన కొట్టడూ? ఇరవై రెండేళ్లుగా నీళ్లమ్ముతున్నా, ఒక్కడు వచ్చి ఇవేం నీళ్లని అడగలేదు. నువ్వడుగుతున్నావు!"

"ఆవేశం సాక్ష్యం కాదమ్మా," అన్నాడు పౌడర్ బాబు తాపీగా.

"సరే, సాక్ష్యమే చూద్దాం," అన్నాను. "ఆ సీసా ఇలా తే."

ఇన్‌స్పెక్టర్ పారదర్శకమైన సంచిలో ఉన్న సీసా ఇచ్చాడు. ముప్పాతిక ఖాళీ. మూత కింద మెడకి ఉండే వలయం చూశాను. మూత మొదటిసారి తిప్పినప్పుడే అది చిటచిటమని మూతనుంచి విడుతుంది. ఇక్కడ తెగిన పళ్లన్నీ తెల్లగా, పదునుగా ఉన్నాయి. జిగురు మచ్చ లేదు, రెండోసారి బిగించిన గీత లేదు.

"ఈ మూత మొదటిసారి విప్పింది మాస్టారే," అన్నాను.

"అలా అని నువ్వంటే సరా?"

సంచితో పాటే సీసాని అడ్డంగా వంచి, నడుం దగ్గర మెల్లగా నొక్కాను. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి లేబుల్ పై అంచు కిందనుంచి చిన్న నీటిబొట్టు పుట్టింది. ఆగాను. బొట్టు జారింది. మళ్లీ నొక్కాను. ఇంకోటి పుట్టింది.

ఇన్‌స్పెక్టర్ ముందుకి వంగాడు. "ఏంటది?"

"సూదిబెజ్జం. లేబుల్ అంచు లేపి, సూదితో మందు ఎక్కించి, జిగురు చుక్క వేసి, లేబుల్ మళ్లీ అంటించారు. మాస్టారు సీసా పిసుకుతూ తాగేసరికి జిగురు ఊడింది."

"సూది ఈవిడ దగ్గర ఉండకూడదా?" అన్నాడు పౌడర్ బాబు.

"ఉండొచ్చు. కానీ ఇందాక మూత విప్పి నీళ్లు పోసిందన్నావు. మూత విప్పి పోసే మనిషికి సూది ఎందుకయ్యా? రెండు కథలు చెబుతున్నావు. ఏదో ఒకటి ఎంచుకో, దాంతోనే కొట్టుకుందాం."

ఆ పౌడరు మొహానికి చెమట పట్టడం మొదటిసారి చూశాను. చెప్పొద్దూ, భలే సంతోషం వేసింది. గడియారం పదకొండుకి రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. సంతోషపడే టైము కాదు.

వదినని ఫ్రిజ్ దగ్గరికి తీసుకెళ్లాను. నిలువెత్తు గాజుతలుపు ఫ్రిజ్. మధ్య అరలో కొండచుక్క సీసాలు ముందునుంచి వెనక్కి ఒక్కో వరసగా ఉన్నాయి, ఒక వరస అరలీటరువి, పక్కన ఒక వరస లీటరువి.

"మాస్టారు తీసిన సీసా అంతకుముందు ఎక్కడుంది?"

"అరలీటరు వరసలో అన్నిటికన్నా వెనక."

"అంత ఖచ్చితంగా ఎలా తెలుసు?"

"రోజూ ఇదే గొడవ కదే! ఎవరైనా ముందున్నది తీసుకుని పోతారు. ఆయన మాత్రం తేదీ కొత్తది కావాలని మోచేతిదాకా లోపలికి దూర్చి చివరిది లాగుతాడు. ముందువి పడగొడతాడు. ఇవాళ కూడా తిట్టా, 'మాస్టారూ, అదేమన్నా లాటరీనా, చెయ్యి పెట్టి వెతుకుతారు' అని. నవ్వాడు పాపం." బయట బెంచీ వైపు చూసింది. "నవ్వుకుంటూనే వెళ్లి కూర్చున్నాడే."

ఏడుస్తుందేమో అనుకున్నాను. కొంగుతో మొహం తుడుచుకుని, "ఊ, ఇంకేం కావాలి, అడుగు," అంది.

"ఆ వరస సర్దింది ఎవరు?"

"ఇంకెవరు? వరసలన్న."

ఆయన్ని నేనూ ఎరుగుదును. కొండచుక్క వ్యానుతో తిరుగుతూ ప్రతి కొట్లో సీసాలు సర్దే మనిషి. పాతవి ముందుకి లాగడం, కొత్తవి వెనక్కి పెట్టడం, లేబుళ్లన్నీ కొనేవాడి మొహం వైపు తిప్పడం, ఇదే ఆయన ఉద్యోగం. పదిహేడేళ్లుగా ఇదే చేస్తున్నాడు. సీసాలు తిన్నగా లేకపోతే పక్క కంపెనీవి కూడా సర్దేసి వెళ్తాడు. అందుకే ఆ పేరు.

"ఇవాళ ఏమన్నా తేడాగా చేశాడా?"

వదిన ఫ్రిజ్ వైపు చూసింది. "చేశాడు. అరలీటరువి రెండు వెనక్కి తీసుకెళ్లాడు. తేదీ బాగానే ఉంది కదన్నయ్యా అంటే, పైవాళ్ల ఆర్డరమ్మా అన్నాడు. లీటరు వరసలో మాత్రం నేనొద్దన్నా వినకుండా మూడు ఎక్కువ పెట్టాడు. నేను రోజుకెన్ని అమ్ముతానో మళ్లీ అడిగాడు. పదిహేడేళ్లుగా చూస్తున్నవాడికి తెలీదా?"

"ఎప్పుడైనా సరుకు వెనక్కి తీసుకెళ్లాడా?"

"చచ్చినా తీసుకెళ్లడు. ఇవ్వడమే వాళ్ల పని."

"వదినా, రోజుకి అరలీటరువి ఎన్ని అమ్ముతావు?"

"మూడు. కొండచుక్క అందరూ కొనరు."

వరసలో మిగిలినవి లెక్కపెట్టాను. పన్నెండు. మాస్టారు తీసింది పదమూడోది.

"లీటరువి?"

"రెండు."

లీటరు వరస లెక్కపెట్టాను. తొమ్మిది. ఆ లెక్క నా బుర్రలో కూర్చునేలోగానే వదిన నన్ను పక్కకి నెట్టింది. ఒక్కో సీసాని నడుం దగ్గర పట్టుకుని, వేళ్లతో కొంచెం ఒత్తి, పక్కన పెడుతోంది. రోజుకి వందల సీసాలు పట్టుకున్న చెయ్యి అది. చూపు సీసాల మీద లేదు, గోడమీద ఎటో ఉంది. ఎనిమిది పక్కన పెట్టింది. తొమ్మిదోది, అంటే అన్నిటికన్నా వెనకది, పట్టుకుని ఆగిపోయింది.

"ఇది మెత్తగా ఉందే," అంది మెల్లగా. "కొత్త సీసా బిర్రుగా ఉంటుంది. ఇందులోంచి గాలి పోయింది."

ఇన్‌స్పెక్టర్ చేతితొడుగు వేసుకుని లేబుల్ అంచు లేపాడు. ఆవగింజలో సగమంత జిగురు చుక్క కనపడింది.

"ఓరి భగవంతుడా," అంది వదిన. "నా కొట్లోనా! నా కొట్లో పెట్టాడా వాడు! అన్నయ్యా అన్నయ్యా అని పిలిచానే!"

అప్పుడు పౌడర్ బాబు చప్పట్లు కొట్టాడు. నిజంగానే కొట్టాడు, మూడుసార్లు.

"చూశారా ఇన్‌స్పెక్టర్? తొమ్మిది సీసాల్లో మందున్నది ఒక్క నిమిషంలో తీసి చేతిలో పెట్టింది. పెట్టినవాళ్లకి కాక ఇంకెవరికి తెలుస్తుంది? ఇంతకంటే ఒప్పుకోలు ఏం కావాలి?"

ఇన్‌స్పెక్టర్ కళ్లల్లో అనుమానం మళ్లీ తలెత్తింది. నాకు పౌడర్ బాబుని పీక పట్టుకుని బయటికి తోసెయ్యాలనిపించింది. తోసెయ్యలేదు. లెక్క చెప్పాను.

"ఇవాళ సోమవారం. అరలీటరువి రోజుకి మూడు. మందున్న సీసా ముందు పన్నెండు. నాలుగు రోజులు. లీటరువి రోజుకి రెండు. మందున్న సీసా ముందు ఎనిమిది. ఇదీ నాలుగు రోజులే. ఒక వరసలోంచి రెండు తీసేసి, ఇంకో వరసలో మూడు కలిపి, రెండు సీసాలూ ఒకే రోజు ముందుకి వచ్చేలా కొలిచి సర్దాడు. సోమ, మంగళ, బుధ, గురు. శుక్రవారం పొద్దున్న కొట్టు తెరవగానే మొదట చేతికొచ్చేది మందున్న సీసా. కొట్టు సొంతమైన మనిషి ఎవరినన్నా చంపాలంటే తీసి చేతికిస్తుంది, నాలుగు రోజుల వెనక ఎందుకు దాస్తుంది?"

"మరి మాస్టారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అదే వాడు చేసిన పొరపాటు. పదిహేడేళ్లు వరసలు సర్దినవాడికి సీసాలు ముందునుంచే కదులుతాయని నమ్మకం. వ్యాను పది నిమిషాల్లో వెళ్లిపోతుంది. తర్వాత ఒక ముసలాయన వచ్చి వెనకనుంచి లాగుతాడని వాడెప్పుడూ చూడలేదు. శుక్రవారం ఒకరి నోట్లో పడాల్సిన విషం సోమవారమే పడింది."

"శుక్రవారమే ఎందుకు?"

"అది బాబుగారు చెప్పాలి," అని పౌడర్ బాబు వైపు తిరిగాను. "శుక్రవారం కంపెనీలో ఏముంది?"

"ఏముంటుంది, ఏమీ లేదు. అంటే, ఉన్నా... అది ఆఫీసు విషయం," అని నీళ్లు నమిలాడు.

ఇన్‌స్పెక్టర్ ఈసారి నావైపు చూడకుండా నేరుగా వాడినే అడిగాడు. "ఏముందో చెప్పండి."

"శుక్రవారం నుంచి సర్దే ఉద్యోగాలు ఎత్తేస్తున్నారు. సీసాలు కొట్లవాళ్లే సర్దుకుంటారు. మొన్న శనివారం నలభైమందికి ఉత్తరాలిచ్చాం."

"వరసలన్నకి?"

"ఇచ్చాం. మంగళవారం నుంచి గురువారం దాకా మిగిలిన సెలవు వాడుకుంటానన్నాడు. అంటే ఇవాళే ఆఖరి రౌండు."

"ఈ సంగతి పొద్దున్నే తెలుసా నీకు?"

వాడు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. తెలుసన్నమాట.

"తెలిసీ, ఉద్యోగం పోయిన మనిషి చేతిలోంచి వచ్చిన సీసా సంగతి దాచి, మా వదిన మీద తోశావా? కంపెనీ పేరు చెడకూడదని విధవరాలి మెడకి చుట్టావా?"

"మాటలు జాగ్రత్త! ఒక్క కొట్లో రెండు సీసాలు. దీనికి రాష్ట్రమంతా సరుకు ఆపమంటారా? అమ్మకాలు ఆగాయంటే కంపెనీ మునుగుతుంది. పైవాళ్ల అనుమతి లేకుండా ఒక్క మాట బయటికి పోయినా, ఇన్‌స్పెక్టర్, మీ ఉద్యోగానికి నేను హామీ ఇవ్వలేను."

ఇన్‌స్పెక్టర్ వెన్నెముక మళ్లీ బీరువాలోకి పోతున్నట్టే ఉంది. "పైవాళ్లని ఒక్కసారి అడిగి..." అంటున్నాడు.

"ఒక్క కొట్లోనే పెట్టాడని ఎవరు చెప్పారు?" అన్నాను. "వాడి రౌండులో ఎన్ని కొట్లున్నాయి?"

జవాబు కోసం చూస్తూ నేను నిలబడితే, మా వదిన అప్పటికే ఫోను చెవికి పెట్టింది.

"అమ్మా, మీరు ఎవరికీ ఫోన్ చెయ్యడానికి వీల్లేదు! మీరు అరెస్టు కాబోతున్నారు," అన్నాడు పౌడర్ బాబు.

"కాబోతున్నా. ఇంకా కాలేదుగా. నా ఫోను, నా నోరు. నువ్వెవడివిరా ఆపడానికి?" అని, ఫోన్లోకి, "బాబూ, నేను నీళ్ల కొట్టు అక్కని. పొద్దున్న వరసలన్న మీ మందుల షాపుకొచ్చాడా? అరలీటరువి రోజుకెన్ని పోతాయి మీకు? అందరికీ వినపడేలా పెడుతున్నా, గట్టిగా చెప్పు."

"అయిదక్కా," అంది ఫోను.

"వాడు ఎన్ని ఉంచాడు?"

"నాలుగు వెనక్కి పట్టుకుపోయాడు. ఇరవై ఒకటి ఉంచాడు. ఏం?"

ఇన్‌స్పెక్టర్ వేళ్లమీద లెక్కపెట్టుకోవడం చూశాను. అయిదు నాలుగులు ఇరవై. ఇరవై ఒకటోది శుక్రవారం. ఆయన మొహంలో రంగు మారింది.

"వెనక ఉన్నది ముట్టుకోకు నాయనా. విషం ఉంది. కొండచుక్క అసలే అమ్మకు. ఎవరేమన్నా నా పేరు చెప్పు," అని వదిన పెట్టేసి, వెంటనే ఇంకో నంబరు నొక్కింది. కూరగాయల మార్కెట్టు పక్క కొట్టు. వాళ్లకి రోజుకి పది, ఉంచింది నలభై ఒకటి. జిమ్ముకి ఎదురుగా ఉన్న కొట్టు. రోజుకి ఎనిమిది, ఉంచింది ముప్పై మూడు. ప్రతి కొట్లోనూ ఒక సీసా వరస చివర నిలబడి, రోజుకి కొంచెం ముందుకి జరగడానికి సిద్ధంగా ఉంది.

"ఇంకా నాలుగు రోజుల టైముంది," అన్నాడు పౌడర్ బాబు. "మీ లెక్కే కదా ఇది. శుక్రవారం దాకా ఎవరికీ ఏమీ కాదు. ఈలోగా చప్పుడు లేకుండా మేమే వెనక్కి తీయించుకుంటాం."

ఒక్క క్షణం నాకు కూడా అది నిజమే అనిపించింది. ఆ క్షణానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

వదిన బస్‌స్టాండు కొట్టువాడితో మాట్లాడుతోంది. "వెనక వరస ముట్టుకోకు తమ్ముడూ..."

"ఏం వరసక్కా? వరసే లేదు!" ఉల్లాసంగా అంది ఫోను. "ఇవాళ నా పంట పండింది. పదింటికి వరసలన్న సర్ది వెళ్లాడో లేదో, స్కూలువాళ్లు వచ్చి కొండచుక్క మొత్తం ఊడ్చుకుపోయారు. నూటయిరవై ఒక్క సీసాలు. గ్రౌండులో పిల్లల పరుగుపందాలట. అయిపోగానే అందరికీ తలా ఒకటి ఇస్తారట."

వదిన ఫోనుని రెండు చేతులతో పట్టుకుంది. "ఎప్పుడవుతాయిట?"

"పన్నెండుంబావుకి అన్నారు. ఏమైందక్కా? అక్కా?"

గడియారం చూశాను. పదకొండూ నలభై ఎనిమిది.

స్కూలుకి నేను ఫోన్ కలిపాను. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. ఇన్‌స్పెక్టర్ వైర్‌లెస్‌లో అడిగాడు. ఆ గ్రౌండు ఊరి బయట ఉంది, దగ్గర్లో ఒక్క బండీ లేదట. అందరికన్నా దగ్గర ఉన్నది మేమే. ఇరవై నిమిషాల దారి.

"నూటయిరవై ఒకటిలో ఒకటి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అన్నీ తీసి మంచు తొట్టెల్లో పడేసి ఉంటారు. వెనకదేదో, ముందుదేదో..."

"నేను పట్టుకుంటా," అంది వదిన.

"ముందు తాగకుండా ఆపాలి," అన్నాను.

"ఆపుతా. మైకు లాక్కుని ఆపుతా. పరుగెత్తి దాహంతో ఉన్న పిల్లలు మన మాట వినేలోగా ఎవడో ఒకడు మూత తీసేస్తాడే. తొట్టెలో చెయ్యి పెట్టి దాన్ని బయటికి తియ్యాలి. ఆ చెయ్యి ఇక్కడ ఎవరికుంది?"

చెప్పులేసుకుని గుమ్మం దాటింది. పౌడర్ బాబు పరుగెత్తి అడ్డంగా నిలబడ్డాడు. చేతులు రెండూ చాపాడు.

"ఈవిడ నిందితురాలు! స్కూలుకి తీసుకెళ్లి, కంపెనీ సీసాల్లో విషం ఉందని వందమంది పిల్లల ముందు, టీచర్ల ముందు అరిపిస్తారా? పేపర్లవాళ్లు ఉంటారక్కడ! ఇన్‌స్పెక్టర్, మీకు కాగితంలో రాసిచ్చింది స్టేషన్‌కి తీసుకెళ్లమని."

వదిన ఆగింది. వాణ్ని ఎగాదిగా చూసింది.

"నీకు పిల్లలున్నారా?"

వాడు తలెత్తలేదు.

"ఉన్నారన్నమాట. అయినా అడ్డం నిలబడ్డావు. తప్పుకో."

వాడు తప్పుకోలేదు. వదిన వాడి చుట్టూ తిరిగి, జీపు తలుపు తెరిచి, ముందుసీట్లో ఎక్కి కూర్చుంది. రెండు చేతులూ కలిపి కిటికీలోంచి ఇన్‌స్పెక్టర్ ముందుకి చాపింది.

"పొద్దుట్నుంచీ ఇంతమంది ఇక్కడ కూర్చున్నది నన్ను తీసుకెళ్లడానికేగా? ఎక్కాను. పన్నెండు దాకా కూడా ఆగలేదు. బేడీలు వేస్తావో, కేసు పెడతావో నీ ఇష్టం, తర్వాత. ఇప్పుడు మాత్రం బండి గ్రౌండుకి పోవాలి. తోవ నేను చెబుతా."

ఇన్‌స్పెక్టర్ ఆ చేతుల్ని చూశాడు. జేబులోంచి మడిచిన అరెస్టు కాగితం తీసి, పౌడర్ బాబు చేతిలో పెట్టి, "మీరే ఉంచుకోండి," అన్నాడు. స్టీరింగ్ ముందు కూర్చుని బండి తీశాడు. నేను వెనక ఎక్కి తలుపు వెయ్యకముందే మలుపు తిరిగాం.

స్కూలుకి కలుపుతూనే ఉన్నాను. ఏడోసారి ఎవరో ఎత్తారు.

"హలో! ఎవరండీ? గట్టిగా చెప్పండి, ఇక్కడ మైకు..."

"నీళ్లు ఇవ్వొద్దు! ఆ సీసాలు..."

"ఏంటి? వినపడట్లేదు!"

"నీళ్లు! తాగనివ్వొద్దు!"

"నీళ్లా? ఆ, వచ్చేశాయండీ, ఏం కంగారు లేదు. ఎండ ఎక్కువగా ఉందని పందాలు తొందరగానే ముగించేశాం."

ఆ గొంతు వెనక మైకు వినపడింది. ముగ్గురం విన్నాం. "పిల్లలూ, తోసుకోకండి. అందరికీ ఉన్నాయి. ఒక్కొక్కరే వచ్చి తీసుకోండి."

లైను తెగిపోయింది.

వదిన ఇన్‌స్పెక్టర్ చేతిని పక్కకి నెట్టి, సైరన్ మీట తనే నొక్కింది.